రాత్రిపూట ఆ గురగుర ఎవరిది?

మిక్సీ ఎంత గోల చేసినా దాన్ని ఎవరూ ఏమీ అనరు. కొబ్బరి పచ్చడి నలిగేదాకానే కదా దాని ఆర్భాటం! వాషింగ్ మెషీన్ ఊగి, దడదడలాడి, చివర్లో ఓ కూనిరాగం తీసి ఊరుకుంటుంది. కుక్కర్ కూత వెయ్యకపోతే మనకే కంగారు. చిక్కల్లా సన్నగా, ఆగకుండా, గంటల తరబడి వచ్చే చప్పుళ్లతోనే. పగలు అవి వినిపించవు. వీధి సద్దుమణిగి, టీవీ కట్టేసి, అందరూ పక్కలెక్కాక ఒక్కొక్కటీ బయటికొస్తాయి. వాటిలో కంప్యూటర్‌ది మరీ మొండితనం.

మా ఇంట్లో కంప్యూటర్ 2020లో వచ్చింది. బాబుకి ఆన్‌లైన్ క్లాసులు కదా, అప్పట్లో కొత్తవి దొరక్క, దొరికినా కొనలేక, వాడిన దాన్నే తెచ్చుకున్నాం. రెండు పడగ్గదుల ఫ్లాటులో దానికి చోటు హాల్లోనే. అదే హాల్లో దివాన్ మీద మా అత్తయ్యగారి పడక. నాకేమో కథ రాసుకోవడానికి తీరిక దొరికేది రాత్రి పది దాటాకే. కీబోర్డు టకటకలు ఆవిడకి పట్టవు. ఆ పెట్టెలోంచి వచ్చే గుర్‌మనే మూలుగు, మధ్యమధ్య గరగర మాత్రం నిద్ర పట్టనిచ్చేవి కావు. "అమ్మాయ్, అందులో ఎలకేమన్నా దూరిందేమో చూడు" అనేవారు. నిద్ర చాలకపోతే ఆవిడకి మర్నాడంతా తల తిరుగుడు, బీపీ. అలాగని ఉన్న ఆ గంటన్నరా వదులుకోవడం నావల్ల అయ్యే పని కాదు. ఇద్దరిలో ఎవరో ఒకరు సర్దుకుపోవడమెందుకు, ఆ పెట్టెనే సర్దుకోమంటే పోలేదూ!

రిపేరుకొచ్చిన కుర్రాడు నవ్వేశాడు. "హార్డ్ డిస్క్ అన్నాక చప్పుడు రాదా మేడమ్?" అని. వస్తుంది నాయనా. కానీ అన్నిటికీ ఒకేలా రాదు. ఆ తేడా ఎక్కడుందో తెలుసుకున్నాకే మళ్లీ కొనడం మొదలుపెట్టాను.

లోపల ఏముంది?

హార్డ్ డిస్క్ అంటే ఓ చిన్న గ్రామఫోన్ అనుకోండి. అద్దంలా మెరిసే పళ్లేలు గిర్రున తిరుగుతుంటాయి. వాటిమీద ముల్లులాంటి ఓ చెయ్యి అటూ ఇటూ పరుగులు తీస్తూ రాస్తుంది, చదువుతుంది. గ్రామఫోన్ ముల్లు రికార్డుకి ఆనుతుంది, ఇది ఆనదు. వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని సందుతో గాలిలో తేలుతుంది. కంప్యూటర్లో మామూలుగా పెట్టే డిస్కులు నిమిషానికి 7200 చుట్లు, నెమ్మది రకాలు 5400 చుట్లు తిరుగుతాయి. అంటే సెకనుకి 120, లేదా 90. ఆగకుండా వినిపించే మూలుగు ఈ తిరుగుడుది. అట్లకాడతో పెనం గీకినట్టుండే గరగర ఆ చేతి పరుగులది. రెండూ వేరు, రెండింటికీ మందు వేరు.

ఐబీఎం వాళ్లు 1956లో తెచ్చిన మొదటి డిస్కులో రెండేసి అడుగుల వెడల్పున్న పళ్లేలు 50 ఉండేవట. బరువు టన్ను దాటేది. అంతా కలిపి దాచగలిగింది 5 ఎంబీ లోపే, అంటే ఈనాటి సెల్‌ఫోన్ ఫొటో ఒక్కటి! దాని పక్కన మన పెట్టె ఎంత బుద్ధిమంతురాలో. పాతకాలం డిస్కుల్లో సైకిల్ చక్రంలోలాగా ఇరుసు చుట్టూ ఉక్కు గోళీలుండేవి. అవి అరిగేకొద్దీ కీచుమనేవి. గోళీల బదులు నూనె పొర మీద ఇరుసు తిరిగే పద్ధతి 2001 ప్రాంతంలో ఇళ్లలోని కంప్యూటర్లకి వచ్చింది. ఆ ఏడాది సీగేట్ వాళ్ల బారకుడా డిస్కు నిశ్శబ్దానికే పేరు తెచ్చుకుంది. ఇప్పటి డిస్కులన్నీ ఆ నూనె రకాలే.

మరి ఇంకా ఎందుకీ రొద? ఇక్కడే అసలు సంగతి. వీణ తీగ ఎంత మీటినా కుండ లేకపోతే పక్క గదికి వినిపిస్తుందా? డిస్కు తీగలాంటిదైతే, దాన్ని మరలు బిగించి కూర్చోబెట్టిన పల్చటి రేకు పెట్టె కుండలాంటిది. ఆ పెట్టెని ప్లైవుడ్ కంప్యూటర్ టేబుల్ అరలో దూర్చామంటే కుండకి మరో కుండ తోడైనట్టే! చప్పుడు బాగా వస్తున్నప్పుడు క్యాబినెట్ పక్క రేకు మీద అరచెయ్యి గట్టిగా ఆనించి చూడండి. మూలుగు తగ్గిందా, నేరం సగం రేకుదే. కొత్త డిస్కు కొనేముందు పెట్టెని అరలోంచి తీసి, కింద పాత రబ్బరు మ్యాట్ ముక్క వేసి పెట్టండి. డిస్కు మరల దగ్గర చిన్న రబ్బరు వాషర్లు వెయ్యమని మెకానిక్‌ని అడగండి. పైసల్లో పని.

అసలా చప్పుడు డిస్కుదేనా అన్నది కూడా తేల్చుకోవాలి. ఫ్యాన్ల మోత గాలి వీచినట్టు ఒకే తీరుగా ఉంటుంది, దుమ్ము పట్టిన ఫ్యాన్ మరీనూ. గరగర, కిర్రుకిర్రు అనేది డిస్కే. మా కుర్రాడి చేత కంప్యూటర్ ఆపించి, డిస్కు వైర్లు తీయించి, మళ్లీ ఓ నిమిషం వేయించాను. డిస్కు లేకుండా విండోస్ రాదు కానీ ఫ్యాన్లు తిరుగుతాయి కదా. హాలు ఒక్కసారిగా సద్దుమణిగింది. దొంగ దొరికినట్టే!

కొందరు మోజున్నవాళ్లు డిస్కుని ఎలాస్టిక్ తాళ్లతో ఉయ్యాలలా వేలాడదీస్తారు. చప్పుడు నిజంగానే తగ్గుతుంది. కానీ మన ఎండలకి ఎలాస్టిక్ సాగిపోతుంది, పెట్టె జరిపితే డిస్కు వెళ్లి రేకుకి కొట్టుకుంటుంది. పిల్లలున్న ఇంట్లో ఆ వేషాలు వద్దు. చుట్టూ స్పాంజీ, దూదీ కుక్కడం ఇంకా వద్దు. చాలా డిస్కులకి కంపెనీ పెట్టే హద్దు 60 డిగ్రీలు. మే నెలలో మన గదే 40 దగ్గరుంటే, లోపల దుప్పటి కప్పుకున్న డిస్కు సంగతి మీరే ఊహించుకోండి.

ఏది కొనాలి?

విండోస్‌కీ, రోజూ వాడే పనులకీ ఎస్‌ఎస్‌డీ. ఇందులో రెండో మాట లేదు. దాంట్లో తిరిగేదీ, పరుగెత్తేదీ ఏదీ ఉండదు. పెన్ డ్రైవ్‌లోలాగా అన్నీ చిప్పులే. కాబట్టి చప్పుడూ ఉండదు. పైగా కంప్యూటర్ తెరుచుకునేలోపు పాలు కాచుకొచ్చే అవసరమూ ఉండదు. పాత కంప్యూటర్‌కైతే సాటా రకం అడగండి. కొత్తవాటిలో చూయింగ్ గమ్ పలకలా ఉండే ఎం.2 రకం పడుతుంది. మీ దాంట్లో ఏది పడుతుందో మోడల్ నెంబరు కాగితం మీద రాసుకుని వెళ్లండి. విండోస్‌కీ, పిల్లల ప్రాజెక్టులకీ, నా కథలకీ 500 జీబీ ధారాళంగా సరిపోయింది.

పెళ్లిళ్ల వీడియోలు, పదేళ్ల ఫొటోలు ఉన్నవాళ్లకి అది చాలదు. అక్కడ హార్డ్ డిస్కు కావాలి. అప్పుడు 5400 రకం చూడండి. కంపెనీల వెబ్‌సైట్లలో ఒక్కో మోడల్‌కీ ఓ వివరాల పట్టిక ఉంటుంది. అందులో ఖాళీగా తిరిగేటప్పుడు ఎంత చప్పుడు, పనిచేసేటప్పుడు ఎంత అని రెండు అంకెలుంటాయి, డెసిబెల్స్‌లో. నెమ్మది రకాలకి 23, 24 ఉంటే 7200 రకాలకి 29, 30 దాకా కనిపిస్తాయి. ఆరేగా తేడా అనుకోకండి. డెసిబెల్ లెక్క గజం బద్దలాంటిది కాదు. పది పెరిగితే చెవికి చప్పుడు రెట్టింపైనట్టుంటుంది. కొందరు 2.8 బెల్స్ అని వేస్తారు, అంటే 28 డెసిబెల్స్. కొలిచే పద్ధతి కంపెనీకో రకం కాబట్టి ఒకే కంపెనీ మోడళ్లని పోల్చుకోవడమే మేలు.

అంకెలే కాదు, అక్షరాలూ చూడాలి సుమా! "5400 ఆర్‌పీఎం క్లాస్" అని వెస్టర్న్ డిజిటల్ వాళ్లు అమ్మిన కొన్ని డిస్కులు నిజానికి 7200 చుట్లు తిరుగుతున్నాయని 2020లో బయటపడింది. ఎలాగనుకున్నారు? చప్పుడుని బట్టే! రికార్డు చేసి చూస్తే సెకనుకి 90 ఉండాల్సిన చోట 120 తేలింది. క్లాస్ అంటే పనితీరు తరగతే తప్ప చుట్ల లెక్క కాదని కంపెనీ జవాబు. బియ్యం కొట్లో ఇలాంటి జవాబు మనం ఒప్పుకుంటామా?

అదే ఏడాది ఇంకోటీ తేలింది. కొన్ని డిస్కుల్లో గీతల్ని పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కించి రాస్తారు. దాన్ని ఎస్‌ఎంఆర్ అంటారు. ఆ మాట చెప్పకుండానే కొన్ని మోడళ్లు అమ్మారని తెలిసి గొడవైతే, తర్వాత కంపెనీలు జాబితాలు బయటపెట్టాయి. మనకెందుకంటారా? ఈ రకం డిస్కు మనం పని ఆపాక తీరిగ్గా తన సర్దుడు మొదలుపెడుతుంది. ఇంట్లో అందరూ పడుకున్నాక వంటింట్లో గిన్నెలు సర్దినట్టు. ఎప్పుడూ కంప్యూటర్లోనే ఉండే డిస్కు కొంటుంటే సీఎంఆర్ రకమా అని అడగండి.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామానుకి పేరుపడ్డ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి మావారూ నేనూ వెళ్లినప్పుడు ఒకచోట పెద్ద పెద్ద డిస్కులు చవగ్గా చూపించారు. పెద్ద కంపెనీల సర్వర్లలో వాడే రకాలవి. గట్టివే. వాటిలో కొన్నిట్లో గాలి బదులు హీలియం నింపుతారు. గాలి బరువులో ఏడో వంతే కాబట్టి తిరుగుడు హాయిగా సాగుతుంది. కానీ ఆ చేతి పరుగు మాత్రం టకటకా సుత్తి దెబ్బలే. మనుషులు పడుకోని గదుల కోసం చేసినవి మరి! పైగా సర్వర్లలో వాడేసిన డిస్కుల్ని, వాడిన గంటల లెక్క చెరిపేసి కొత్తవిగా అమ్మిన ఉదంతాలు 2025 మొదట్లో కొన్ని దేశాల్లో బయటపడ్డాయి. ఏది కొన్నా సీరియల్ నెంబరుని కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పటిదాకా ఉందో కొట్లోనే చూసుకోండి. చప్పుడు మాత్రం కొట్లో తేలదు, అక్కడి రద్దీలో రోడ్డు రోలర్ కూడా నిశ్శబ్దమే. వారంలోపు నచ్చకపోతే మార్చిస్తారా అని అడిగి బిల్లు మీద రాయించుకోండి.

మేం చివరికి చేసిందేమిటంటే, లోపలున్న పాత డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించాం. ఫొటోల కోసం యూఎస్‌బీ వైరుతో తగిలించే చిన్న డిస్కు కొన్నాం. అది ల్యాప్‌టాప్‌లలో వచ్చే రెండున్నర అంగుళాల సైజుది, పళ్లేలు చిన్నవి కాబట్టి మూలుగూ తక్కువే. అన్నిటికంటే సుఖమేమిటంటే, పిలిచినప్పుడే వచ్చే చుట్టంలా పని ఉన్నప్పుడే తగిలిస్తాం. మిగతా రోజులన్నీ బీరువాలో ఉంటుంది. "ఎలక పోయినట్టుందే" అన్నారు అత్తయ్యగారు మూడో రోజు.

చప్పుడు చెప్పే కబురు

అయితే డిస్కు చప్పుడుని ఎప్పుడూ శత్రువనుకోకూడదు. మా పై ఫ్లాటు పిన్నిగారింట్లో అమ్మాయి పెళ్లి ఫొటోలన్నీ ఒక్క డిస్కులోనే ఉండేవి. టిక్... టిక్... టిక్... అని తాళం వేసినట్టు చప్పుడు మొదలైంది. గడియారమేమో అనుకుని మూడు రోజులు పట్టించుకోలేదు. చెయ్యి తన చోటు వెతుక్కుని దొరక్క మళ్లీ మళ్లీ మొదటికొస్తుంటే వచ్చే చప్పుడది. నాలుగో రోజు డిస్కు తెరుచుకోలేదు. డేటా రికవరీ వాళ్ల దగ్గరికి తీసుకెళ్తే, చాలా డబ్బు పోశాక, మంగళస్నానాల ఫొటోలు వచ్చాయి, తలంబ్రాలు రాలేదు. ఇలాంటి చప్పుడు కొత్తగా వినిపిస్తే ఇంకోసారి వేసి చూద్దామనుకోకుండా కంప్యూటర్ ఆపేసి తెలిసినవాళ్లకి చూపించాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ఒకటుంది. డిస్కు ఆరోగ్యం బాగుందో లేదో రంగుల్లో చూపిస్తుంది. పసుపు కనిపించిందంటే వెంటనే అన్నీ మరోచోటికి కాపీ చేసుకోవాల్సిందే.

ఎస్‌ఎస్‌డీకి ఈ టిక్కుటిక్కులు కూడా లేవు. నిన్న బాగుంటుంది, ఇవాళ కనిపించదు. దాని నిశ్శబ్దం హాయీ అదే, భయమూ అదే. ఇంకో సంగతి. ఎస్‌ఎస్‌డీలో ఫొటోలు నింపి ఏళ్ల తరబడి బీరువాలో పెట్టడం మంచిది కాదు. అందులో రాత నిలిచేది విద్యుదావేశం మీద. కరెంటు లేకుండా ఉంచితే మెల్లగా కారిపోతుంది. బాగా వాడి అరిగిపోయిన ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు రాతని నిలబెట్టుకోవాలని జెడెక్ సంస్థ ప్రమాణం. వేడి పెరిగితే ఆ గడువు తగ్గుతుంది. కొత్తది ఇంకా చాలాకాలం ఆగుతుందనుకోండి. కానీ మన బీరువాలు వేసవిలో 30 దగ్గర ఉంటాయా? దాచుకునేవాటికి హార్డ్ డిస్కే నయం, రోజువారీ పనికి ఎస్‌ఎస్‌డీ.

నేను నెల మొదటి ఆదివారం, పాల లెక్క, పేపరు లెక్క చూసుకునేటప్పుడే డిస్కు తీసి తగిలిస్తాను. ఆ నెల ఫొటోలు, రాసిన కథలు దాంట్లోకి కాపీ అవుతాయి. పాతికేళ్ల కిందటి కాగితాలని స్కాన్ చేసినవి కూడా అందులోనే. అది తిరుగుతున్నంతసేపూ టేబుల్ కదపనివ్వను, బాబుని అటు రానివ్వను. కాపీ అయ్యాక తెర మీద సేఫ్లీ రిమూవ్ నొక్కి, చిన్న దీపం ఆరాక కూడా పది అంకెలు లెక్కపెట్టి, పళ్లేలు పూర్తిగా ఆగాకే వైరు తీస్తాను.