బండి ఆగితే ముందు పెట్రోలు దారి చూడండి

మన లైన్ ఇళ్లల్లో ఇప్పుడు ఇంటికొక బండి ఉంది. అందులో సగం పాతవే. ఇరవై ఏండ్లు దాటినవి, ముగ్గురు నలుగురి చేతులు మారినవి. కొత్త వంద సీసీ బండి లక్ష రూపాయల దగ్గరకు పోతా ఉంటే పాతదాన్నే నెట్టుకొస్తాం. తప్పేమీ లేదు. బాగా చూసుకుంటే అవి ఇంకా పదేండ్లు నడుస్తాయి.

మాలూరు చుట్టూ మనోళ్ల పనులు తలా ఒక దిక్కున ఉన్నాయి. ఒకరు ఊర్లోని ఇండస్ట్రియల్ ఏరియాకు, ఒకరు నర్సాపురానికి, ఒకరు హోసూరుకు, ఇంకొకరు హోసకోటకు పోతారు. తెల్లారి ఆరుగంటల షిఫ్టుకు బస్సును నమ్ముకుంటే కాదు. బండి దారిలో ఆగిందంటే లేటు పడతాది, గేటు కాడ వాపసు పంపితే ఆ రోజు కూలి పోతాది. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చేటప్పుడు నీలగిరి తోపుల నడుమ బండి నిలిచిపోతే ఇంట్లో ఉండేవాళ్లకు నిద్ర ఉండదు.

ఇట్ల ఆగే బండ్లలో చాలావాటికి ఇంజన్ చెడిపోయి ఉండదు. ట్యాంకులో పెట్రోలు ఉంటుంది గాని ఇంజనుకు అందదు. దాన్ని ఇంట్లోనే ఎట్ల కనుక్కోవాలో రాస్తున్నాను. ఇది కార్బొరేటర్ ఉండే పాత బండ్ల సంగతి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చినప్పటినుంచి అమ్మే బండ్లలో చాలావాటికి ట్యాంకు లోపల కరెంటు పంపు ఉంటుంది. వాటి పద్ధతి వేరు, వాటి జోలికి పోవద్దు.

దారం తెగితే చూసినట్లే

నేను నూలు మిల్లులో రింగ్ ఫ్రేము కాడ పనిచేసినోణ్ణి. చదివింది ఐదో తరగతి. దారం మాటిమాటికీ తెగుతా ఉంటే ఊరికే అతికించుకుంటా పోతే పని కాదు. పైన రోవింగ్ బాబిన్ సరిగ్గా తిరుగుతోందా, రోలర్లకు దూది చుట్టుకుందా, కింద ట్రావెలర్ అరిగిందా అని పైనుంచి కిందికి వరసగా చూడాలి. నడుమ ఒకటి వదిలేసి కిందిది మార్చితే డబ్బు దండగ, దారం మళ్లీ తెగుతాది.

బండిలో పెట్రోలు కూడా అంతే. పాత బండిలో పంపు లేదు. ట్యాంకు పైన ఉంది, కార్బొరేటర్ కింద ఉంది, పెట్రోలు తన బరువుకు తానే దిగుతుంది. ట్యాంకు మూత, ట్యాపు, పైపు, కార్బొరేటర్ కింద ఉండే గిన్నె, దాంట్లోని జెట్లు, ఇదే దాని దారి. ఈ వరసలోనే చూసుకుంటా రావాలి.

దానికి ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. బండి ఆగింది పెట్రోలు లేకనా, స్పార్కు లేకనా? ఇంజన్ కొంచెం చల్లారినాక ప్లగ్గు విప్పి మొన చూడండి. చాలాసేపు కిక్కు కొట్టినా మొన పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. తడిసి పెట్రోలు వాసన వస్తుంటే పెట్రోలు వస్తోంది, లోపం వేరే చోట ఉంది. పెట్రోలు పైపు విప్పి ఉన్నప్పుడు మాత్రం ప్లగ్గును ఇంజనుకు ఆనించి స్పార్కు చూడొద్దు. అది నిప్పుతో ఆట.

మూతలో గుండుసూదంత రంధ్రం

నిండు నూనె డబ్బాకు ఒకే చిల్లు పెట్టి వంచితే నూనె గుటకలు గుటకలుగా పడి నిలిచిపోతుంది. రెండో పక్క ఇంకొక చిల్లు పెడితే ధారగా వస్తుంది. లోపలికి గాలి పోతేనే బయటికి నూనె వస్తుంది. ట్యాంకుకు గాలి పోయేది మూతలోని సన్న రంధ్రం గుండానే. అది మూసుకుంటే పెట్రోలు దిగేకొద్దీ ట్యాంకు లోపల గాలి పలచబడి పెట్రోలును పైకి పట్టేస్తుంది.

మా వీధిలో ఒక కుర్రవాడు హోసూరు కంపెనీకి పోతాడు. ట్యాంకు నింపిన రోజే అతని బండి దారిలో నిలిచిపోయేది. అయిదు నిమిషాలు నిలబెడితే మళ్లీ స్టార్టు. పెట్రోలు తక్కువైనప్పుడు మాత్రం బాగానే పోయేది.

“ఏమ్ మామా, బంకోడు కల్తీ పెట్రోలు పోస్తా ఉన్నాడా?” అని అడిగినాడు. ఒక మెకానిక్కు అప్పటికే కార్బొరేటర్ మార్చాలని చెప్పి ఉన్నాడు. అంటే కొన్ని రోజుల కూలి.

“ఈసారి ఆగితే కిక్కు కొట్టొద్దురా. ముందు మూత తెరిచి చెవి పెట్టి విను” అని చెప్పినాను. మరుసటి వారం అట్లే చేసినాడు. మూత తెరవంగానే ‘స్‌స్’ అని గాలి లోపలికి పోయింది, బండి స్టార్టయింది. ట్యాంకుకు ఎవరో రెక్సిన్ కవరు తొడిగి ఉన్నారు. ఆ గుడ్డ మూతను కప్పి, ఇటికెల బట్టీల రోడ్ల ఎర్రదుమ్మును పట్టుకొని, రంధ్రాన్ని మూసేసింది. సోపు నీళ్లతో కడిగి, పంక్చరు షాపులో గాలి కొట్టించి, బాగా ఆరబెట్టినాక సరిపోయింది.

ట్యాంకు నిండా ఉంటేనే ఎందుకు ఆగింది? నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ, కొంచెం పెట్రోలు దిగేసరికే గాలి పలచబడుతుంది. సగం ట్యాంకులో గాలి ఎక్కువ ఉంటుంది కాబట్టి ఇంకా దూరం పోతుంది. ఈ గుర్తు కనబడితే బంకును అనుమానించే ముందు మూతను చూడండి.

వానాకాలం మూత కింద ప్లాస్టిక్ కవరు పెట్టి బిగించేవాళ్లు ఉన్నారు. దానివల్ల కూడా ఇదే తిప్పలు. మూతకు మేకుతో పెద్ద చిల్లు పెట్టడమూ తప్పే, నీళ్లు లోపలికి పోతాయి.

ట్యాపు, పైపు

మూత బాగుంటే తర్వాత ట్యాపు. ఆన్‌లో ఉన్నప్పుడు పెట్రోలు ట్యాంకు లోపల కొంచెం ఎత్తులో నిలబడిన గొట్టం నుంచి వస్తుంది. రిజర్వులో అడుగునుంచి వస్తుంది. అందుకే ఆన్‌లో ఆగిన బండి రిజర్వుకు తిప్పితే పోతుంది. రిజర్వుకు తిప్పినాక తిరిగి పెట్రోలు పోయించుకుంటే మరవకుండా ఆన్‌కు తెచ్చుకోవాలి. లేకుంటే ఈసారి ఆగినప్పుడు తిప్పడానికి ఏమీ మిగలదు.

అడుగున తుప్పు, మడ్డి, నీళ్లు చేరతాయి. రిజర్వులో నడిపితే మొదట వచ్చేది అవే. ట్యాపుకు లోపల సన్న జల్లెడ ఉంటుంది. కొన్ని బండ్లలో ట్యాపు కింద చిన్న గిన్నె కూడా ఉంటుంది, దాన్ని విప్పి కడగవచ్చు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇంజన్ పూర్తిగా చల్లారినాక, బయట గాలి ఆడే చోట, ట్యాపు ఆఫ్ చేసి కార్బొరేటర్ కాడ పైపు ఊడదీసి గాజు సీసాలో పెట్టండి. ట్యాపు తెరిచి ఒక నిమిషం చూడండి.

మొదటినుంచీ ధారగా వస్తే ట్యాపు, పైపు మంచివి. ధారగా మొదలై పోనుపోనూ సన్నబడి, మూత తెరవంగానే మళ్లీ పుంజుకుంటే మూతదే లోపం. మూత తెరిచినా చుక్కలు చుక్కలుగానే వస్తే జల్లెడ గాని, పైపు గాని మూసుకుంది.

ఎంత వస్తే చాలు? లీటరుకు 60 కిలోమీటర్లు ఇచ్చే బండి గంటకు 60 వేగంతో పోతే గంటకు ఒక లీటరు తాగుతుంది. నిమిషానికి 17 మిల్లీలీటర్లు, అంటే మూడు టీస్పూన్లకు కొంచెం ఎక్కువ. మంచి ట్యాపు దానికి ఎన్నో రెట్లు ఇస్తుంది. ఆ మూడు స్పూన్లు కూడా రాకపోతే బండి ఊర్లో మెల్లగా తిరిగినప్పుడు బాగుంటుంది, హైవే ఎక్కి రేసు ఇవ్వంగానే మిస్సింగు కొట్టి ఆగుతుంది. తాగేది ఎక్కువై దిగేది తక్కువైతే కార్బొరేటర్ గిన్నె ఖాళీ అవుతుంది. రెండు మూడు నిమిషాలు నిలబెడితే గిన్నె నిండి మళ్లీ పోతుంది.

కొన్ని బండ్లలో ట్యాపుకు రెండు పైపులు ఉంటాయి. ఒకటి పెట్రోలుది, సన్నది ఇంజన్ గాలి లాగేది. ఇంజన్ తిరిగితేనే అట్లాంటి ట్యాపు తెరుచుకుంటుంది. ఊరికే పైపు పీకి రాలేదని ట్యాపు మార్చొద్దు.

పైపు మెలిపడిందా, గట్టిపడి పగిలిందా, ఇంజనుకు తగిలి వేడెక్కుతోందా చూడండి. నడుమ ఫిల్టరు తగిలించి ఉంటే దాన్ని కూడా చూడండి. పంపు ఉండే బండ్ల ఫిల్టరు దీనికి పెడితే పెట్రోలు తన బరువుకు దాంట్లోనుంచి సరిగ్గా దిగదు.

ఈ-20 పెట్రోలు, నీళ్లు

వందలో 20 పాళ్లు ఇథనాల్ కలిపిన ఈ-20 పెట్రోలును 2023 ఫిబ్రవరిలో మన బెంగళూరులోనే మొదలుపెట్టినారు. ఇప్పుడు ఎక్కువ బంకుల్లో అదే. ఇథనాల్ అంటే చెరకు, ధాన్యాల నుంచి తీసే స్పిరిట్టు. పాత బండ్ల రబ్బరు పైపులు, వాషర్లు దానికోసం చేసినవి కావు. కొన్ని ఉబ్బుతాయి, కొన్ని మెత్తబడి లోపలి పొర రాలుతుంది. ఆ ముక్కలు పోయి జెట్టుకు అడ్డం పడతాయి. కాబట్టి పాత పైపు ఉంటే ఇథనాల్‌కు తట్టుకునే పైపు అడిగి వేయించుకోండి. కార్బొరేటర్‌తో పోలిస్తే దాని ఖర్చు చాలా తక్కువ.

ఇథనాల్ నీళ్లను పీల్చుకుంటుంది. నీళ్లు మితిమీరితే రెండూ కలిసి పెట్రోలునుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. సీసాలో పట్టిన పెట్రోలును పది నిమిషాలు కదపకుండా పెట్టండి. అడుగున వేరే పొర కనబడితే ట్యాంకులో నీళ్లు ఉన్నట్లే. అప్పుడు ట్యాంకు మొత్తం దించి ఖాళీ చేయాల్సిందే. తుప్పు రాలే ట్యాంకుకు కూడా అంతే, ఎన్ని ఫిల్టర్లు మార్చినా ఫలం ఉండదు.

చివరికి కార్బొరేటర్

పైవన్నీ బాగున్నాకనే కార్బొరేటర్ మీద చెయ్యి వేయాలి. గిన్నె అడుగున చిన్న స్క్రూ ఉంటుంది. కింద సీసా పట్టి విప్పితే గిన్నెలోని పెట్రోలు దిగుతుంది. ట్యాపు తెరిచి ఉన్నా దిగి దిగి నిలిచిపోతే లోపలి ఫ్లోట్ సూది అంటుకుంది. స్క్రూడ్రైవర్ పిడితో గిన్నెను మెల్లగా తడితే ఒక్కోసారి వదులుతుంది. సూది మూసుకోకుండా నిలిచిపోతే దీనికి ఎదురు. పక్క పైపులోనుంచి పెట్రోలు కిందికి కారుతుంది.

చోక్ వేస్తేనే నడిచి, తీస్తే ఆగిపోయినా, స్లో నిలబడకపోయినా చిన్న జెట్టు మూసుకుంది. స్లో బాగుండి రేసులో గుంజకపోతే పెద్ద జెట్టును చూడాలి. జెట్లు ఇత్తడివి, మెత్తనివి. ఇనుప తీగ, సూది దూరిస్తే రంధ్రం పెద్దదై బండి పెట్రోలు తాగడం మొదలుపెడుతుంది. గాలి కొట్టించండి. మరీ అవసరమైతే సన్న నైలాన్ దారం చాలు. ఈ పని చేయి తిరిగినవాళ్లదే. మెకానిక్కు కాడికి పోయి “మూత చూసినాం, ట్యాపు ధారగా వస్తోంది, పైపు కొత్తది, చోక్ వేస్తేనే నడుస్తోంది” అని చెప్పండి. అప్పుడు ఆయన కూడా సరిగ్గా అక్కడికే పోతాడు, మీ డబ్బు మిగులుతుంది.

ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు తెలుసుకోవాల్సింది

మన ఇండ్లు ఇరుకు. దొంగల భయానికి బండిని రాత్రి ముందర గదిలోనే నిలబెడతాం. ఆ గోడకు అవతలే స్టవ్వు, దేవుని దీపం. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. నేలమీద పాకుకుంటా పోయి దూరంగా ఉండే నిప్పును అందుకుంటుంది. కారే బండిని ఇంట్లో పెట్టొద్దు. ఏ బండైనా రాత్రి ట్యాపు ఆఫ్ చేయాలి. ఇది ఇంట్లో అందరికీ తిప్పి చూపించండి. పెట్రోలు వాసన వస్తే లైటు స్విచ్చి కూడా వేయకుండా తలుపులు తెరిచి బండిని బయటికి నెట్టాలి.

పైపును నోటితో పీల్చి పెట్రోలు తీసే అలవాటు మానాలి. ఒక గుక్క ఊపిరితిత్తుల్లోకి పోయినా ప్రాణం మీదికి వస్తుంది. పరీక్షకు పట్టిన పెట్రోలును కూల్‌డ్రింకు సీసాలో ఇంట్లో దాచొద్దు, పిల్లలు తాగేస్తారు. ఎవరైనా తాగితే వేలు పెట్టి కక్కించొద్దు. కక్కేటప్పుడే అది ఊపిరిలోకి పోతుంది. నేరుగా ఆస్పత్రికి తీసుకొనిపోండి.

నెలకు ఒకసారి, ఆదివారం పొద్దున, మూత రంధ్రం తుడిచి, పైపు తడిమి చూసి, ట్యాపు కింద గిన్నె ఉంటే కడగండి. అరగంట పని. వానాకాలం వచ్చే ముందు సీసా పరీక్ష కూడా ఒకసారి చేయండి. బండి పని చేసేటప్పుడు బీడీ కాల్చేవాళ్లను దగ్గరికి రానీయకండి, మామ అయినా సరే, అన్న అయినా సరే.