ఫ్యాను ఆపాకే పాఠం

బత్తలపల్లెలో పాఠం రికార్డు చేయాలంటే ముందు గాలిని కనిపెట్టాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఈ మెట్ట మీద గాలి ఆగదు. రేకులు మోగుతాయి, కిటికీ రెక్కలు కొట్టుకుంటాయి. రామగిరి గుట్టల మీద గాలిమరలు నిలబడింది ఈ గాలిని నమ్ముకునే. గాలి కాస్త తగ్గిందనుకుంటే రోడ్డు మొదలవుతుంది. కదిరి బస్సు హారను, లారీ బ్రేకు, ఆర్డీటీ ఆసుపత్రికి పరుగెత్తే అంబులెన్సు. అందుకే మేం పొద్దున అయిదింటికే కూర్చుంటాం. మేమంటే ఒక సైన్సు మాస్టారు, నేను, ఒక ఫోను.

మొదటి పాఠం బడి గదిలోనే రికార్డు చేశాం. విని బిత్తరపోయాం. మాస్టారి గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది. దాని కింద ఫ్యాను రొద. చెవి గొప్ప సర్దుబాటు మనిషి, గదిలో ఉన్నంతసేపూ ఫ్యానును పక్కకు నెట్టి మాటను మాత్రమే తీసుకుంటుంది. మైకుకు ఆ తెలివి లేదు. నున్నటి గోడలు, గట్టి నేల, సిమెంటు కప్పు మాటను వెనక్కి కొడతాయి. అసలు మాటా, తిరిగొచ్చిన మాటా కలిసిపోయి వస్తాయి. దీనికి మందు మా ఊళ్లోనే దొరికింది. శెనక్కాయ బస్తాలు పేర్చిన కొట్టుగది! గోనెసంచుల మధ్య మాట మెత్తగా, దగ్గరగా పడింది. తలుపుకు బొంత అడ్డం కట్టాం. అంతే, అదే మా స్టూడియో.

మైకు గురించి అందరూ ముందుగా అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. కండెన్సర్ మైకు సున్నితమైనది, పక్కింటి కోడిని కూడా పట్టేస్తుంది. డైనమిక్ మైకు దగ్గరి గొంతునే ఎక్కువగా తీసుకుంటుంది. రోడ్డు పక్క ఊళ్లకు అదే మేలు. అదీ లేకపోతే చొక్కాకు తగిలించే చిన్న కాలర్ మైకు చాలు. నోటికీ మైకుకూ మధ్య జానెడు దూరం ఉండాలి. మైకు నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు ఉండాలి. తెలుగులో ఇది మరీ ముఖ్యం. ‘భూమి’, ‘ఫలం’ అనగానే ఊపిరి బుస్సున వెళ్లి మైకుకు తగిలి డబ్ మంటుంది. గొంతు గట్టిగా లేచినప్పుడు కూడా మీటరులో ముల్లు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా చూసుకోవాలి. సున్నా దాటితే ధ్వని పగిలిపోతుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని సరిగా అతికించలేదు. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. మొదలుపెట్టే ముందు ఇరవై సెకన్లు ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయాలి. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరు ఆ ముక్కను నమూనాగా తీసుకుని మిగతా రొదను తగ్గిస్తుంది. చివరికి ఎంపీత్రీగా, ఒకే చానెల్‌లో, 64 కేబీపీఎస్‌తో దాచుకుంటే పది నిమిషాల పాఠం 4.8 ఎంబీ. సిగ్నలు సరిగా అందని తండాలో కూడా దిగుతుంది.

సామాను సంగతి అంతే. అసలు కష్టం కాగితం మీద.

మేం ఎంచుకున్న పాఠం శెనక్కాయ ఎట్లా కాస్తుందన్నది. పుస్తకంలో బొమ్మ ఉంది, చెవికి బొమ్మ లేదు. ‘పటంలో చూపినట్లు’ అన్న మాట కొట్టేశాం. ‘వేరుశనగ’ దగ్గర, వింటున్న ఒక బడిపిల్ల ఆపింది. “సార్, వేరుశనగ అంటే శెనక్కాయనే కదా? మరి అట్లే చెప్పొచ్చు కదా సార్?” మాస్టారు ఒప్పుకున్నారు. ముందు శెనక్కాయ, తర్వాత పరీక్ష కోసం వేరుశనగ. పసుపుపచ్చ పువ్వు మట్టి పైన పూస్తుంది, వాడిపోతుంది, దాని అడుగు నుంచి ఊడ కిందికి దిగి మట్టిలోకి దూరుతుంది, దాని కొసన కాయ కడుతుంది. ఇదంతా మాటలతో చూపాలి. ‘నీ చూపుడువేలు కిందికి వంచు, మట్టిలో గుచ్చు, అదే ఊడ అనుకో’ అని రాసుకున్నాం. ఆ వాక్యం తర్వాత ఎనిమిది సెకన్లు ఖాళీ వదిలాం. పిల్ల వేలు గుచ్చడానికి టైము కావాలి కదా.

ఆ ఖాళీ మా ఆలోచన కాదు. ఆకాశవాణి ద్వారా మన బడులకు వచ్చిన ‘విందాం నేర్చుకుందాం’ పాఠాలను నడిపించిన పద్ధతే అది. రేడియో ప్రశ్న అడిగి ఆగుతుంది, తరగతి జవాబు చెబుతుంది, రేడియో మళ్లీ అందుకుంటుంది. ఇప్పటి పాడ్‌కాస్టుల్లో ఎక్కువమంది ఖాళీ అంటే భయపడతారు. దాన్ని పాటతో నింపేస్తారు. పాఠానికి అది చేటు.

పాడ్‌కాస్టు అన్న మాట 2004లో పుట్టింది. అంతకు ముందే జహీరాబాదు ప్రాంతంలో, మాచునూరులో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు ఆ పని చేశారు. యునెస్కో సాయంతో స్టూడియో ఏర్పడింది కానీ ప్రసారానికి లైసెన్సు లేదు. వాళ్లు ఆగలేదు. విత్తనాల గురించి, వంటల గురించి, పాటలూ ముచ్చట్లూ టేపుల్లో ఎక్కించి, ఊరూరా సంఘం కూర్చున్న చోట వినిపించారు. గాలితరంగాలు ప్రజల సొత్తు అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనంలోని జస్టిస్ పి.బి. సావంతే 2008 అక్టోబరు 15న వాళ్ల ‘సంఘం రేడియో’ను ప్రారంభించారు. ఆ మహిళల చేతులే మిక్సరు మీటలు తిప్పాయి. వాళ్ల దగ్గర నేను నేర్చుకున్నది ఒకటే. వినేవాళ్ల యాసలో మాట్లాడితే విషయం తక్కువైపోదు.

అందుకే మా పాఠంలోకి ఒక రైతమ్మను తెచ్చాం. కాగితం చేతికివ్వలేదు, చేనుగట్టున కూర్చోబెట్టి అడిగాం. మైకుకు బొచ్చుగుడ్డ తొడిగినా గాలి వినిపిస్తూనే ఉంది, ఉండనిచ్చాం. వాన లేక నేల గట్టిపడితే ఏమవుతుందక్కా అని మాస్టారు అడిగారు. ఆమె వెంటనే చెప్పలేదు. రికార్డులో ఆ మౌనం ఆరు సెకన్లు. తర్వాత, “ఊడ దిగల్ల కదా సామీ, నేల యిడిస్తేనే కదా దిగేది. యిడ్సకుంటే పైన్నే యెండిపోతాది” అంది.

మాస్టారు ఎడిటింగులో ఆ ఆరు సెకన్లు కత్తిరించబోయారు. వద్దన్నాను.