అమ్మ ఓవెన్‌లో కాలిన గ్రహాంతరవాసులు

వెల్లింగ్టన్‌ నుంచి కాపిటి వైపు వెళ్లే రైల్లో పుకెరువా బే స్టేషన్‌ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. పోరిరువాలో ఉండే మాకు అది పక్క ఊరే. సినీ దర్శకుడు పీటర్‌ జాక్సన్‌ పెరిగింది అక్కడే. ఇండియా నుంచి వచ్చిన చుట్టాలకు ఆయన ‘లార్డ్‌ ఆఫ్‌ ది రింగ్స్‌’ సెట్‌ చూపించడానికి ఎంతో దూరంలోని మాటామాటాకి (ఊరి పేరే అది!) కారేసుకుని వెళ్తాం. మా ఇళ్ల పక్కనే తీసిన ఆయన మొదటి సినిమా ‘బ్యాడ్‌ టేస్ట్‌’ సంగతి మాత్రం మనవాళ్లలో చాలామందికి తెలియదు.

గ్రహాంతరవాసులు ఓ ఊరి జనాన్ని చంపి, ఆ మాంసాన్ని తమవాళ్లకు ఫాస్ట్‌ఫుడ్‌గా అమ్ముకోవాలని చూస్తారు. నలుగురు కుర్రాళ్లు అడ్డుపడతారు. వాళ్లలో డెరెక్‌ వేషం జాక్సన్‌దే. తల వెనక చిప్ప ఊడితే బెల్టుతో బిగించుకుని మళ్లీ కొట్లాటకు దిగుతాడు! ‘ప్రేమకథా చిత్రమ్‌’, ‘ఆనందో బ్రహ్మ’ చూసిన మనకు భయంలో నవ్వు కొత్తేం కాదు గానీ, ఇందులో రక్తం, రోత మోతాదు చాలా ఎక్కువ. అన్నం తింటూ చూడకండి. చిన్నపిల్లలకు అసలే వద్దు.

ఆ గ్రహాంతరవాసుల మకాం మా పోరిరువాలోని గేర్‌ హోమ్‌స్టెడ్‌. 19వ శతాబ్దంలో ఆ ఇల్లు కట్టించిన జేమ్స్‌ గేర్‌ నిజంగానే మాంసం వ్యాపారి.

నన్ను కట్టిపడేసింది కథ కంటే దాన్ని తీసిన తీరు. 1983లో షార్ట్‌ఫిలింగా మొదలుపెట్టారు. జాక్సన్‌ అప్పుడు ఒక పత్రికలో ఫొటో ఎన్‌గ్రేవర్‌. జీతం డబ్బులతో ఫిల్ము కొనడం, సెలవు రోజున స్నేహితులను పోగేసి తీయడం. ఇలా నాలుగేళ్లు! పాత 16 ఎంఎం బోలెక్స్‌ కెమెరాతో మాటలు రికార్డు కావు, అన్నీ తర్వాత డబ్బింగే. ఒక నటుడు పెళ్లి చేసుకుని మధ్యలో వెళ్లిపోతే కథే మార్చారు. కొన్నాళ్లకు ఆయన తిరిగొస్తే మళ్లీ మార్చారు. కొండ అంచున జరిగే కొట్లాటలో డెరెక్‌, అతని చేతికి చిక్కిన గడ్డం గ్రహాంతరవాసి, ఇద్దరూ జాక్సనే. గ్రహాంతరవాసుల రబ్బరు మాస్కులను వాళ్లమ్మ వంటింటి ఓవెన్‌లో కాల్చారు. చివర్లో న్యూజిలాండ్‌ ఫిల్మ్‌ కమిషన్‌ డబ్బిచ్చి సినిమా పూర్తి చేయించింది. 1988లో కాన్‌ మార్కెట్‌కి వెళ్లి, చాలా దేశాలకు అమ్ముడైంది. 2004లో ఆయన ఆస్కార్‌ అందుకున్నారు.

ఆ అమ్మానాన్నలు కూడా మనలాగే వలస వచ్చినవాళ్లు, ఇంగ్లండ్‌ నుంచి. ఒక్కడే కొడుకు. నాలుగేళ్లపాటు ఆదివారాలన్నీ ఇలా గడిపేస్తుంటే ఏమనుకున్నారో గానీ, ఓవెన్‌ మాత్రం ఇచ్చారు. నాకు ఇది ఊరికే సినిమా కబురు కాదు. పన్నెండో క్లాసు చదువుతున్న మా వాడు ట్యూషన్‌ మానేసి, స్నేహితులతో గ్యారేజీలో దెయ్యం సినిమా తీస్తానంటున్నాడు. వాడు జాక్సన్‌ అవుతాడని నేననుకోవడం లేదు. కానీ నలుగురిని పోగేసి, మొదలుపెట్టినదాన్ని పూర్తి చేయడం ఏ ట్యూషన్‌లోనూ చెప్పరు కదా. ఇంట్లో రెండు వారాలు వాదన నడిచింది. నవంబర్‌లో పరీక్షలు. ట్యూషన్‌ మానకూడదు, అక్టోబర్‌ దాకా ఆదివారాలు మాత్రం వాడివి. ఓవెన్‌ జోలికి వస్తే ఊరుకోనని మా ఆవిడ ముందే చెప్పేసింది.