టేకు మొదలులో వానల లెక్క

కమాన్‌పూర్, మంథని ప్రాంతపు అడవులలో టేకు ప్రధానమైన చెట్టు. బాట వెడల్పు చేయుటకో, ఉపరితల గనికో చెట్లు తీసినప్పుడు మాను దూలములకు పోవును, మొదలు పొయ్యిలోనికి పోవును. ఆ మొదలులో గ్రామమునకు పనికివచ్చు లెక్క యొకటి యున్నదని పంచాయతీ సభ్యులకు మనవి చేయుచున్నాము.

టేకు వేసవిలో ఆకు రాల్చి, తొలకరితో మరల పెరుగ నారంభించును. అప్పుడేర్పడు కొయ్యలో పెద్ద రంధ్రములు వరుసగా నుండును. వానలు వెనుకబట్టిన కొలది రంధ్రములు చిన్నవై కొయ్య గట్టిపడును. ఈ రెండును కలిసి ఒక వలయము. అది ఒక సంవత్సరపు పెరుగుదల. అడవిలోని చెట్లన్నియు ఇంత స్పష్టముగా లెక్క చూపవు. వానలు చాలిన ఏట వలయము వెడల్పుగను, కరవు ఏట ఇరుకుగను ఉండును. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థవారు కేరళ టేకు వలయములను 1481 నుండి 2003 వరకు, అనగా 523 ఏండ్లకు, వరుస కూర్చి 2010లో ప్రకటించిరి. ఎడతెగక కొలిచి వ్రాసియుంచిన వర్షపాతపు లెక్కలు మన దేశమున అంత పాతవి లేవు.

అయితే ఒక్క మొదలును నమ్మరాదు. ఆకు తినే పురుగు పట్టినను వలయము సన్నబడును. నడుమ వాన ఆగి మరల కురిసినచో దొంగ వలయము పడును. అందుచేత అనేక చెట్లను పోల్చి చూతురు. అన్నిట ఒకే ఏడు ఇరుకైనచో వాన తగ్గినదని ఊహింతురు. కొన్ని చెట్లలో వలయములు హఠాత్తుగా వెడల్పై, కొన్నేండ్లట్లే సాగినచో, ప్రక్క చెట్లు కూలి వెలుతురు దొరకినదని అర్థము. నిప్పు సోకిన చోట మచ్చ మిగిలి, తరువాతి వలయములు దానిని ప్రక్కనుండి కప్పుకొని వచ్చును. బెరడునుండి మచ్చ వరకు లెక్కించిన, కార్చిచ్చు ఏనాటిదో తెలియును. నరికిన సంవత్సరము తెలిసిననే ఈ లెక్క సులభము!

మన కాళ్ళక్రింది బొగ్గు పొరల కాలమున, సుమారు 25 నుండి 30 కోట్ల ఏండ్ల క్రిందట, పెరిగి రాయిగా మారిన చెట్లలోను వలయములు కలవు. నాడును ఋతువులుండెనని వాటివలన తెలిసినది.

కావున అనుమతితో టేకు నరికినప్పుడెల్ల, మొదటి భాగమునుండి రెండంగుళముల మందపు బిళ్ళ నొకటి కోయించి, నరికిన నెల, సంవత్సరము, స్థలము దానిపై వ్రాసి, బీటలు వారకుండ నీడలో ఆరబెట్టి, పాఠశాలలో ఉంచవలెను. ఉప్పు కాగితముతో నునుపు చేసిన భూతద్దముతో పిల్లలే లెక్కింపగలరు. ఇందుకొరకై పచ్చని చెట్టును కొట్టవలదు. పరిశోధకులు అటవీశాఖ అనుమతితో, బోలు బరమాతో పెన్సిలంత సన్నని పుల్లను తీయుదురు. చెట్టు బ్రతికియే యుండును.