మీకు తెలుసా? రోడ్డెక్కకుండానే మైలేజీ!

చిన్న కారు బ్రోచర్‌లో అచ్చేసే మైలేజీని కొలిచేటప్పుడు ఆ కారు రోడ్డు మీద ఒక్క అడుగు కూడా కదలదు. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి ల్యాబుల్లో దాన్ని రోలర్ల మీదకు ఎక్కించి నడుపుతారు. చక్రాలు గిర్రున తిరుగుతాయి, బండి ఉన్నచోటే ఉంటుంది. పరీక్ష మొత్తం 1,180 సెకన్లు, అంటే 20 నిమిషాలు కూడా కాదు. అందులో 780 సెకన్లు ఊళ్లో తిరిగినట్టు ఆగుతూ సాగుతూ, 50 కిలోమీటర్ల వేగం దాటకుండా. ఆ తర్వాత హైవే పరుగు, అదీ 90 లోపే! ఇన్నేళ్లుగా ఈ అంకెలన్నీ ఏసీ ఆపేసి తీసినవే. మే నెలలో బెజవాడ బెంజిసర్కిల్ దగ్గర ఏసీ వేసుకుని ఇరుక్కున్నవాళ్లకు ఆ మైలేజీ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆగినంతసేపూ ఇంజన్ పెట్రోలు తాగుతూనే ఉంటుంది, కిలోమీటర్ల రీడింగు మాత్రం కదలదు.