లూప్ మలుపులో కాపలా

ప్రధాన సంఖ్యలు వెతికే ప్రోగ్రాము రాసి, పక్కనే 'ఆపు' బటన్ పెట్టింది ఒక విద్యార్థిని. "సార్, ఎంత నొక్కినా బటన్ కదలడం లేదు. ఏదైనా తప్పు రాశానా?" అని అడిగింది. బటన్‌లో తప్పేమీ లేదు. తను నొక్కిన సంగతి వరసలో ఎదురుచూస్తోంది. దాన్ని అందుకోవాల్సిన ప్రధాన థ్రెడ్, అంటే ప్రోగ్రాములో పని నడిచే ముఖ్య పాయ, మాత్రం లూప్‌లో చిక్కుకుపోయింది.

ఒకే బోరు కింద ముగ్గురు రైతులుంటే నీళ్లు వంతులవారీగా పారతాయి. తన వంతు అయ్యాక మడవ మార్చడం ఎవరికి వారు చేయాల్సిన పని. పాత మాకింటోష్, విండోస్ 3.1లలో ప్రోగ్రాములు ప్రాసెసర్‌ను ఇలాగే వంతులవారీగా పంచుకునేవి. మాక్‌లో మడవ మార్చే పిలుపు పేరు వెయిట్‌నెక్స్ట్‌ఈవెంట్. ప్రోగ్రామరు దాన్ని మరిచాడంటే తెర మొత్తం బిగుసుకుపోయేది.

1998లో వచ్చిన రియల్‌బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష, తన థ్రెడ్ల విషయంలో ఈ వంతు మార్చే పనిని మనిషి జ్ఞాపకానికి వదలకుండా తానే నెత్తికెత్తుకుంది. అందుకు అది ఎంచుకున్న చోటు చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఆ చోటు లూప్ చివర. వెయ్యి వరసల మామూలు లెక్క పైనుంచి కిందికి ఒక్కసారి నడిస్తే రెప్పపాటులో అయిపోతుంది. అదే లెక్క చాలాసేపు సాగాలంటే ఎక్కడో ఒకచోట వెనక్కి తిరగాల్సిందే. ఆ మలుపులో కాపలా పెడితే చాలు. లూప్‌ను ముగించే 'నెక్స్ట్' దగ్గరికి వచ్చిన ప్రతిసారీ థ్రెడ్ వాటా ముగిసిందో లేదో చూస్తుంది. ముగిస్తే వంతు మారుతుంది.

మరో మేలూ ఉంది. ఒక ఖాతాలో తీసి ఇంకో ఖాతాలో వేసే రెండు వరసల మధ్య లూప్ లేకపోతే, ఆ సందులో ఇంకో థ్రెడ్ దూరదు. ఖర్చూ ఉంది. లూప్ కోటిసార్లు తిరిగితే తనిఖీ కూడా కోటిసార్లే. తనిఖీ వద్దనుకునేవాళ్లకు ఒక ప్రాగ్మా, అంటే కంపైలరుకు ఇచ్చే సూచన, ఇచ్చారు. అది పెడితే లెక్క పరుగెత్తుతుంది, తెర మళ్లీ మొరాయిస్తుంది.

ఎర్లాంగ్ భాషలో లూపులే లేవు. అందుకని అది ఫంక్షన్ పిలుపులను లెక్కపెడుతుంది. గో భాష కూడా ఫంక్షన్ గుమ్మంలోనే కాపలా పెట్టింది. పిలుపుల్లేని లూపులు దాని కన్నుగప్పేవి. 2020లో 1.14 కూర్పు వచ్చాకే అవి దారికొచ్చాయి. అంతకు చాలా ముందే విండోస్ 95, మాక్ ఓఎస్ టెన్ గడియారపు అంతరాయాలతో ప్రోగ్రాముల చేతిలోంచి వంతును లాక్కోవడం మొదలుపెట్టాయి.

మా క్లాసులో వాడేది రియల్‌బేసిక్ నేటి రూపమైన జోజో. ఆ అమ్మాయి లూప్‌ను అలాగే ఉంచి, థ్రెడ్‌లోకి మార్చింది. మళ్లీ 'ఆపు' నొక్కింది. ఈసారి బటన్ లోపలికి దిగింది, సంఖ్యల వరస ఆగింది.