వాచిన చేతికి పని కావాలి

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు చాలావరకు తీసేస్తే, దాదాపు ఐదుగురిలో ఒకరికి తర్వాత చెయ్యి వాస్తుంది. కొందరికి నెలల్లోనే, కొందరికి ఏళ్ల తర్వాత. జాకెట్ చెయ్యి బిగుస్తుంది, గాజు ఎక్కదు. ఇరుగుపొరుగు బోదకాలు లాంటిదేమోనని భయపెడతారు. బోదకాలు దోమల ద్వారా వచ్చే పురుగు లింఫ్ నాళాలను పాడుచేయడం వల్ల వచ్చేది. ఇక్కడ ఆపరేషన్, రేడియేషన్ వల్ల ఆ నాళాల దారి తెగుతుంది. ఇది ఎవరికీ అంటుకోదు.

లింఫ్ అనే ద్రవాన్ని నడిపించడానికి గుండెలాంటి పంపు లేదు. నాళాలు వాటంతట అవే ముడుచుకుంటాయి, పక్కనున్న కండరాలు కదిలి నొక్కుతాయి. దారి మూసుకుపోతే నీటితోపాటు ప్రొటీన్లూ చేతిలో నిలిచిపోతాయి. మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వేసుకున్నా ప్రొటీన్లు మిగిలిపోతాయి కాబట్టి ఈ వాపు నయం కాదు. వేలితో నొక్కితే గుంట పడే దశలోనే చికిత్స మొదలుపెట్టాలి. ఆలస్యమైతే చర్మం కింద గట్టిపడుతుంది.

ఫిజియోథెరపిస్టు మొదట మెడ దగ్గర, రెండో చంక దగ్గర చర్మాన్ని మెల్లగా కదిలించి దారి చేస్తారు, ఆ తర్వాతే చేతికి వస్తారు. గట్టిగా పిసికే మాలిష్ ఇక్కడ పనికిరాదు. తర్వాత పెద్దగా సాగని పట్టీలు పొరలుపొరలుగా చుట్టి, వాటితోనే వ్యాయామం చేయిస్తారు. కండరం ఉబ్బినప్పుడు పట్టీ ఎదురొత్తి లింఫ్‌ను పైకి నెడుతుంది. వాపు తగ్గాక పగటిపూట బిగుతు తొడుగు వేసుకోవాలి. హైదరాబాద్ ఉప్పల్ ఎండాకాలంలో అది కష్టమే, అయినా మానేస్తే వాపు తిరిగి వస్తుంది.

ఈ చికిత్స కొన్ని వారాలపాటు దాదాపు రోజూ సాగుతుంది. ఉప్పల్ నుంచి రెడ్‌హిల్స్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లాలంటే మెట్రోలో అమీర్‌పేట దగ్గర రైలు మారి లక్డీకాపూల్‌లో దిగాలి. రోజూ అంత ప్రయాణం చేయలేకే చాలామంది మధ్యలో ఆపేస్తారని నా అనుమానం. ఈఎస్ఐ కార్డున్న కార్మికులు ముందు నాచారం ఈఎస్ఐ ఆస్పత్రిలో అడగాలి. ఎక్కడికి వెళ్లినా, లింఫ్ వాపు చికిత్సలో ప్రత్యేక శిక్షణ ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు.

‘ఇక ఆ చేత్తో బరువెత్తకు’ అనే పాత సలహా నాచారం ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికి ఉపాధి మానుకోమన్నట్టే. 2009లో అమెరికాలో 141 మంది చెయ్యి వాచిన మహిళలపై జరిగిన పరిశోధనలో, తొడుగు వేసుకుని శిక్షకుల సాయంతో కొద్దికొద్దిగా బరువులు పెంచినవారికి, ఎత్తనివారికంటే వాపు ఎక్కువేమీ పెరగలేదు. వాపు ఉన్నట్టుండి ముదరడం కూడా తగ్గింది. అందుకని తొలిరోజే బిందె ఎత్తమని కాదు. ఫిజియో చెప్పిన బరువుతో మొదలుపెట్టాలి.

చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే మాత్రం వ్యాయామం, మర్దన ఆపి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అది ఇన్ఫెక్షన్ కావచ్చు. యాంటీబయాటిక్ త్వరగా పడాలి.